సింకు కింద యాంగిల్ వాల్వు, కనెక్షన్ పైపు మార్చినవారు ఉన్నారా?

రాజోలు వాసి:
వంటింటి సింకు కింద కనెక్షన్ పైపు నిన్న రాత్రి పగిలింది. పైనున్న తీగ అల్లిక తుప్పు పట్టి విచ్చుకుపోయి, లోపలి రబ్బరు గొట్టం ఉబ్బి చిట్లింది. నీటిని ఆపేందుకు గోడ దగ్గరున్న యాంగిల్ వాల్వు కట్టబోతే పిడి తిరుగుతూనే ఉంది, నీరు మాత్రం ఆగలేదు. డాబా ఎక్కి ట్యాంకు దగ్గర కట్టేసేసరికి వంటిల్లంతా నీరే. పదకొండేళ్లుగా బోరు నీరే వాడుతున్నాం, బాగా ఉప్పు. ప్లంబరు నాలుగు రోజుల దాకా రాలేనన్నారు. అంతవరకు ఇంటికంతటికీ నీళ్లు ఆపేసి ఉండలేం. రెండూ నేనే మార్చుకోవచ్చా?

భీమవరం వాసి:
మార్చుకోవచ్చండి, నేను రెండుసార్లు మార్చాను. ముందు గోడలో ఉన్న పైపు ఏదో చూడండి. సీపీవీసీ (ప్లాస్టిక్) అయితే చివర ఇత్తడి మరలున్న ఎల్బో, అంటే వంపు ముక్క ఉంటుంది, పని తేలిక. పాత జీఐ ఇనుప పైపయితే తొందరపడకండి. ట్యాంకు కట్టాక పైపులో మిగిలిన నీరు పోయేందుకు అన్నిటికన్నా కిందున్న కుళాయి విప్పి ఉంచండి. గీజరు ఉంటే ముందే స్విచ్ ఆపేయండి.

నరసాపురం గృహిణి:
జీఐ అయితే చాలా జాగ్రత్త. మా అత్తగారింట్లో వాల్వు విప్పుతుండగా నిపుల్ (మరలున్న పొట్టి గొట్టం) మర దగ్గర విరిగి సగం గోడలోనే ఉండిపోయింది. బయటికి బాగానే కనిపించింది, లోపల ఉప్పునీరు తినేసింది. టైలు పగలగొట్టక తప్పదని అందరూ అన్నారు. వచ్చిన పెద్దాయన మాత్రం హ్యాక్సా బ్లేడు ముక్కకు గుడ్డ చుట్టి పట్టుకుని, విరిగిన ముక్కను లోపలి వైపు నుంచి రెండు చోట్ల కోశారు, ఎల్బో మరకు తగలకుండా. తరవాత సన్నని ఉలితో దాన్ని లోపలికి వంచి శ్రావణంతో లాగేశారు. గంటన్నర పట్టింది, టైలు మీద గీత కూడా పడలేదు. ఆ చేతుల నిదానం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. కాబట్టి కదలకపోతే బలం పెట్టకండి, తుప్పు వదిలించే నూనె చల్లి ఒక పూట ఆగండి.

పాలకొల్లు హార్డ్‌వేర్ దుకాణం:
వాల్వు ఇత్తడిదే తీసుకోండి. క్రోమ్ పూత వల్ల అన్నీ ఒకేలా మెరుస్తాయి. చేతిలో పెట్టి బరువు చూడండి, పూత లేని చోట మర రంగు చూడండి. పసుపుగా ఉంటే ఇత్తడి, బూడిద రంగయితే జింకు మిశ్రమం, అది ఉప్పునీటికి నిలవదు. పైపుల్లో చవకవాటికి అల్యూమినియం తీగ ఉంటుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అల్లిక అడగండి. ఇంకొక మాట: బాత్రూము యాసిడ్ సీసా, బ్లీచింగ్ పౌడరు సింకు కింద పెట్టకండి. మూసిన అరలో ఆ ఆవిరి స్టీలు తీగను కూడా తినేస్తుంది. తుప్పు పైపు పట్టుకొచ్చినవారిని నేను మొదట అడిగేది దాని గురించే.

రాజోలు వాసి:
యాసిడ్ సీసా అక్కడే ఉంది, ఇప్పుడే తీసేశాను. గోడలో సీపీవీసీయే. టెఫ్లాన్ టేపు రెండు చివరలా చుట్టాలా?

భీమవరం వాసి:
గోడలోకి వెళ్లే మరకు మాత్రమే. మర చివర మీ వైపు ఉండేలా పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిశలో పది పన్నెండు చుట్లు బిగువుగా చుట్టండి. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు ఊడి వస్తుంది. కనెక్షన్ పైపు నట్లకు టేపు వద్దు, అక్కడ నీటిని ఆపేది రబ్బరు వాషరే. చేత్తో బిగించి, పానాతో పావు చుట్టు తిప్పితే చాలు. వాల్వు మూతి పైకి రావాలి. కాస్త దాటిపోతే వెనక్కి తిప్పకండి, పూర్తిగా విప్పి కొత్త టేపు చుట్టండి.

అమలాపురం వాసి:
కాలువ నీటి సరఫరా ఉన్న మా ఇంట్లో ఉప్పు కన్నా ఒండ్రు బెడద ఎక్కువ. గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజుల్లో ట్యాంకు అడుగున పేరుకుంటుంది. వేసవిలో కాలువలు కట్టేశాక బోరుకు మారితే దాని మీద ఉప్పు పెచ్చు. తిప్పని వాల్వులో రెండూ కలిసి గట్టిపడతాయి. నెలకోసారి మూసి తెరుస్తాను, ఎనిమిదేళ్లుగా అదే వాల్వు. మీరు కొత్త పైపు తగిలించే ముందు బకెట్టు పెట్టి వాల్వు ఒకసారి తెరవండి, లోపలి చెత్త పోతుంది.

రాజోలు వాసి (రెండు రోజుల తరవాత):
అయిందండి! పాత వాల్వు సులువుగానే వచ్చింది. కొత్తది మాత్రం లోపలి మరను అందుకోలేదు, టైలు మందం వల్ల ఎల్బో లోతుగా ఉండిపోయింది. మళ్లీ బజారుకు వెళ్లి అంగుళం ఎక్స్‌టెన్షన్ నిపుల్ తెచ్చాను. నీళ్లు వదలగానే పైపు పై నట్టు దగ్గర చుక్క కనిపించింది. విప్పి చూస్తే వాషరు పక్కకు జరిగి ఉంది, సరిచేశాను. రాత్రంతా కింద పేపరు పరిచి ఉంచాను, పొద్దున పొడిగానే ఉంది. బాత్రూముల్లో ఇదే వయసు వాల్వులు నాలుగున్నాయి. అన్నీ ఇప్పుడే మార్చాలా?

పాలకొల్లు హార్డ్‌వేర్ దుకాణం:
ఒక్కొక్కటి మూసి, దాని కుళాయి విప్పి చూడండి. నీరు పూర్తిగా ఆగితే వాల్వు ఉంచండి, ఆగకపోతే మార్చండి. పైపులు మాత్రం పదకొండేళ్లవి కాబట్టి నాలుగూ మార్చేయండి.