గేమింగ్ రౌటర్‌కు 12 వేలు పెట్టాలా, కంపెనీ ఇచ్చిన డబ్బాతోనే నెట్టుకురావాలా?

రామగిరి_రాత్రి (నల్లగొండ)
అన్నలూ, ఇంట్ల పంచాయితీ నడుస్తున్నది, జర మీరే తేల్చండి. మాది రామగిరి దిక్కు పాత ఇల్లు, రాతి గోడలు. ముందు గదిల నాయిన కిరాణం దుకాణం, వెనుక మేం ఉంటం, పైన రేకుల గది తమ్మునిది. 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉన్నది. కంపెనీ డబ్బాను దుకాణంల గల్లపెట్టె మీద గోడకు కొట్టిపోయిన్రు, దాని పక్కనే ఇనుప బీరువా. తమ్ముడు ల్యాప్‌టాప్‌ల వాలొరాంట్, ఫోన్ల బీజీఎంఐ ఆడతడు. రాత్రి 9 దాటితే పింగు (ఆట సిగ్నల్ సర్వర్ దాక పోయి మర్లి వచ్చే టైము) 200 మిల్లీసెకన్లు అయితుందట. ఆరు యాంటెన్నాలు, ఎర్ర లైట్లు ఉన్న 12 వేల గేమింగ్ రౌటర్ కావాలని పట్టుబట్టి కూసున్నడు. నాయినేమో "యూట్యూబ్ మంచిగనే వస్తున్నది గదా, నీకేం రోగం" అంటడు. కింద స్పీడ్ టెస్ట్ పెడితే 95 వస్తది, పైన 22. ఏం చెయ్యాలె?

పాలమూరు_పింగ్ (మహబూబ్‌నగర్)
కొను తమ్మీ, ఆలోచించకు. ఫ్రీగ ఇచ్చే డబ్బాల ఏం సామాను పెడతరో నీకే తెల్వాలె. శానా మందికి ఇచ్చేది ఒక్క 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై బ్యాండ్ మీదనే నడిచేది. అందుల ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు మూడే, 1, 6, 11. మా న్యూటౌన్‌ల ఫోన్ తీసి చూస్తే గల్లీల ఉన్న నెట్‌లన్నీ ఆ మూడింటి మీదనే కొట్టుకుంటయి. 5 గిగాహెర్ట్జ్‌ల ఆ లొల్లి లేదు, 2018ల ప్రభుత్వం అక్కడ ఇంకింత జాగ లైసెన్సు లేకుండ వదిలిపెట్టింది. పైగా వైఫై 6 అనే కొత్త రకం అయితే ఒక్కసారే నలుగురికి పంచి పంపే ఉపాయం ఉన్నది. ఇంట్ల పది ఫోన్లున్నా తట్టుకుంటది. నేను మార్చిన, ఫరక్ కనబడ్డది. పైసలు పోతె పోయినయి.

స్ప్లైసర్_మిర్యాలగూడ
కొనకు. నేను ఫైబర్ లైన్ల మీద పని చేస్త, రోజూ ఇదే లొల్లి చూస్త.

ముందుగల పింగు ఎక్కడ పెరుగుతున్నదో పట్టుకో తమ్ముడూ. ల్యాప్‌టాప్‌ల కమాండ్ ప్రాంప్ట్ రెండుసార్లు తెరువు. ఒకదాంట్ల డబ్బా అడ్రసుకు (శానా వాటికి 192.168.1.1) ఆపకుండ పింగ్ పెట్టు. అది నీ డబ్బా దాక పోయి మర్లి వస్తది, అంతే. రెండోదాంట్ల గూగుల్ అడ్రసు 8.8.8.8కు పెట్టు, అది బయటికి పోయి వస్తది. మొదటిది ఎగిరెగిరి పడితే రోగం వైఫైల ఉన్నది. మొదటిది 2, 3 మీద నిలబడి రెండోది ఎగిరితే రోగం లైన్ల ఉన్నది. అప్పుడు నువ్వు 12 వేలది కాదు, లక్ష రూపాయలది తెచ్చినా పింగు తగ్గదు.

ఇగ ఆ బీరువా సంగతి. ఇనుము పక్కన డబ్బా పెట్టి, దాని మీద రాతి గోడ, స్లాబు, రేకులు పెట్టి సిగ్నల్ రాలేదంటే యాంటెన్నాలు ఏం చేస్తయి? నన్నడిగితే పైకి ఒక లాన్ కేబుల్ గుంజు, కథ అయిపోతది.

పాలమూరు_పింగ్
ఎవ్వరు అడిగినా కేబుల్ గుంజు అంటరు. కోతుల సంగతి ఎవరు చూస్తరన్నా? మా మేడ మీద వేసిన కేబుల్‌ను ఎన్నిసార్లు కొరికినయో లెక్క లేదు. కిరాయి ఇంట్ల ఉన్నోడు గోడకు తూట్లు కొడితే ఓనరు ఊకుంటడా? వైర్‌లెస్ ఉన్నదే అందుకు.

స్ప్లైసర్_మిర్యాలగూడ
కోతులది నిజమే, మా పనిల సగం ఆటి పుణ్యమే. బయట వేసేటప్పుడు పీవీసీ పైపుల నుంచి తియ్యాలె, ఎండకు కూడ అదే కాపాడుతది. మెట్ల పక్క నుంచి లోపలనే తీస్తే ఇంకా మంచిది.

రామగిరి_రాత్రి
అన్నా, చెప్పినట్టు చేసిన. పైన గదిల నుంచి డబ్బాకు పెట్టిన పింగు 4 నుంచి 90 దాక ఎగురుతున్నది. అంటే రోగం వైఫైదే గదా. అయితే కిందికి తెచ్చి లాన్ కేబుల్ పెట్టినంక కూడ ఒక తమాష ఉన్నది. పొద్దున ముంబై సర్వర్‌కు 20, 21, గీత గీసినట్టు. రాత్రి దుకాణం కట్టేసినంక చూస్తే కేబుల్ మీద కూడ 180, 230. తమ్ముడు అబద్ధం చెప్పలే. ఇంకోటి, స్పీడ్ టెస్ట్‌ల అప్‌లోడ్ 18 మాత్రమే వస్తున్నది.

మెట్టుగడ్డ_మాస్టారు (మహబూబ్‌నగర్)
బాబూ, దుకాణం కట్టేశాక ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పు. అమ్మ, నాన్న ఫోన్లు ఛార్జింగ్‌కు పెడతారా? ఫొటోలు బ్యాకప్ అయ్యేది అప్పుడే. సీసీ కెమెరా ఉంటే అది క్లౌడ్‌కు పంపుతుందా?

రామగిరి_రాత్రి
రెండూ ఉన్నయి సార్. మొన్న మా అక్క సీమంతం అయింది, అమ్మ ఫోన్ నిండ వీడియోలే.

మెట్టుగడ్డ_మాస్టారు
అయితే దొరికింది. రేపు రాత్రి అదే వేళకు అమ్మ ఫోన్‌లో బ్యాకప్ ఆపి, కెమెరా తీగ పీకి మళ్లీ చూడు. పింగు 20కి దిగితే కంపెనీ లైన్ బాగానే ఉన్నట్టు.

జరిగేది ఇది. వానాకాలం వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్లు వరుస కట్టినప్పుడు, వాటి వెనక టిఫిన్ డబ్బా పట్టుకుని సైకిల్ మీద వచ్చినవాడు కూడా నిలబడాల్సిందే. సీమంతం వీడియోలు ట్రాక్టర్లు. తమ్ముడి ఆట సైకిల్. ఆటకు కావలసింది చాలా తక్కువ, ఆడుతున్నంత సేపూ 1 ఎంబీపీఎస్ కూడా పట్టదు. కానీ డబ్బాలో ఉండే బఫర్, అంటే డేటా తాత్కాలికంగా ఆగే చోటు, వచ్చిన ప్రతి ప్యాకెట్‌నూ వదలకుండా వరుసలో నిలబెడుతుంది. ఆ వరుసలో నిలబడిన సమయమే నీకు 230గా కనిపిస్తోంది. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. మీ నాన్నగారి యూట్యూబ్ ముందే కొంత దింపి పెట్టుకుంటుంది గనుక ఆయనకు తేడా తెలియదు. అందువల్ల ఇంట్లో ఇద్దరి మాటా నిజమే.

మిర్యాలగూడ సోదరుడితో ఇక్కడ ఒక్క పేచీ. లైన్‌లో రోగం ఉంటే రౌటర్ ఏమీ చేయలేదన్నారు. ఈ రోగానికి చేయగలదు. ఎస్‌క్యూఎం అనే, డేటా వరుసను సర్దే సౌకర్యం ఉన్న రౌటర్‌లో అప్‌లోడ్‌ను 18 నుంచి 16, 17కు మనమే బిగిస్తే వరుస కంపెనీ డబ్బాలో కాకుండా మన రౌటర్‌లో పడుతుంది. అక్కడ ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ లాంటి పద్ధతులు సైకిల్‌ను పక్క నుంచి ముందుకు పంపేస్తాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించగలిగిన మామూలు రౌటర్లలో కూడా ఇది ఉంటుంది, 100 ఎంబీపీఎస్ లైన్‌ను అవి లాగగలవు. లైన్ వేగం పెరిగే కొద్దీ ప్రాసెసర్ గట్టిది కావాలి, అది వేరే ఖర్చు.

ఎంత చేసినా 20 కాస్తా 5 అవుతుందని మాత్రం తమ్ముడికి ఆశ పెట్టకండి. నల్లగొండ నుంచి ముంబైకి తిన్నగా గీత గీసినా 700 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికే 7 మిల్లీసెకన్లు, తీగ వంకరలూ మధ్యలో స్విచ్‌లూ కాక.

పాలమూరు_పింగ్
సార్, నేను చెప్పేది కూడ అదే. గేమింగ్ రౌటర్‌ల గేమ్‌కు ముందు దారి ఇచ్చే సెట్టింగు ఉంటది. ఇంకోటి, ఆటల నాట్ టైపు (బయటి ఆటగాళ్లు మనకు నేరుగ కలుస్తరా లేదా చెప్పేది) స్ట్రిక్ట్ అని వచ్చేది కూడ ఓపెన్ అయితది.

మెట్టుగడ్డ_మాస్టారు
మొదటిది కొన్నింటిలో ఉంటుంది, కొన్నింటిలో పేరుకే. డబ్బా మీద రాసింది కాక లోపల ఏముందో చూసి కొనాలి. రెండోది ఒప్పుకోను. రౌటర్ పేజీలో వాన్ ఐపీ, అంటే కంపెనీ మన లైన్‌కు ఇచ్చిన అడ్రసు, చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే కంపెనీవాళ్లు ఒక్క అడ్రసును చాలా ఇళ్లకు పంచుతున్నట్టు, అంటే సీజీ-నాట్. తాళం వాళ్ల దగ్గర ఉంటే మన తలుపుకు ఎన్ని యాంటెన్నాలు పెట్టినా తెరుచుకోదు. నెలనెలా అదనంగా కట్టి మనకే సొంతమైన స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదా ఆట ఐపీవీ6 అనే కొత్త అడ్రసు పద్ధతి మీద నడిచేదై ఉండాలి.

గద్వాల_అమ్మ
ఎర్ర లైట్లది మేం కొన్నం. పిల్లగాడు ఓడిపోతే ఇప్పటికీ నెట్ మీదనే చెప్తడు. నాకు మాత్రం లాభం అయింది. రాత్రి 11కు వాని ఫోన్‌కు ఒక్కదానికే నెట్ బంద్ చేసే సెట్టింగు దొరికింది. (అది 2 వేల దాంట్ల కూడ ఉంటదని తర్వాత చెప్పిన్రు. ఎవరు చెప్పిన్రో అడగకండి.)

అచ్చంపేట_అడవి
మీరంతా ఫైబర్ మీద కొట్లాడుతున్నరు, మాకు ఇంకా రానే రాలే. భగీరథ నీళ్ల పైపుల పక్కన వేసిన సర్కారు నెట్ టీ-ఫైబర్‌ను 2024 డిసెంబర్‌ల నారాయణపేట జిల్లా మద్దూర్‌ల మొదలు పెట్టిన్రు, మా దిక్కు చూడాలె. అప్పటిదాక టవర్ నుంచి గాలిల వచ్చే 5జీ ఎయిర్‌ఫైబరే. టవర్ మీద జనం పెరిగితే పింగు ఊగుతది, ఇంట్ల ఏ రౌటర్ పెట్టినా అంతే. నాకు పనికొచ్చింది ఒక్కటే, 12 వోల్టుల మినీ యూపీఎస్. కరెంటు రెప్ప కొడితే డబ్బా మళ్ల లేచేసరికి మ్యాచ్ అయిపోతుండె. కొనేటప్పుడు అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి తీసుకోండి.

రామగిరి_రాత్రి
మాస్టారూ, బ్యాకప్ ఆపి, కెమెరా పీకి చూసిన. రాత్రి 9:30కు కేబుల్ మీద 22. మీరు చెప్పిందే. నాయిన మొఖం చూడాలె, అమ్మ ఫోన్‌నే దొంగను చూసినట్టు చూస్తున్నడు.

స్ప్లైసర్_మిర్యాలగూడ
మాస్టారు మాటకు ఎదురు లేదు, అది నాకు కొత్త సంగతే. ఇగ మిగిలింది పైన గది. కొందరు ఫైబర్ డబ్బానే పైకి జరపమంటరు. కని దుకాణంల కెమెరా డీవీఆర్ కేబుల్ మీద ఉన్నది, ఫోన్‌పే డబ్బాకు వైఫై కావాలె. అట్ల చేస్తే నాయిన బేరం పోతది. కేబులే పైకి పోవాలె.

పాలమూరు_పింగ్
సరే, ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెడతరు. బీజీఎంఐ ఫోన్ల గదా ఆడేది, ఫోన్‌కు కేబుల్ ఎట్ల గుచ్చుతరు?

మెట్టుగడ్డ_మాస్టారు
మంచి ప్రశ్న. కేబుల్ చివర పైన గదిలోనే ఒక డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 రెండూ ఉన్న) రౌటర్ పెట్టి యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైఫై పంచే పెట్టెగా, మార్చుకోవాలి. ఫోన్‌కూ దానికీ మధ్య గోడ ఉండదు కనుక 5 గిగాహెర్ట్జ్ హాయిగా అందుతుంది. ఆడేటప్పుడు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వాడితే 2.4 వైపు అసలే పోవద్దు, రెండూ అదే బ్యాండ్‌లో ఉంటాయి. అట్టపెట్టె మీద 1200 అని చూసి మోసపోవద్దు. 2.4 మీది 300, 5 మీది 867 కలిపి సుమారుగా రాసే అంకె అది. టీపీ-లింక్ రౌటర్లు ఆర్చర్ సీ50, ఆర్చర్ సీ6 రెండింటి మీదా 1200 అనే ఉంటుంది. సీ50కి వెనక పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే, సీ6కు గిగాబిట్. రేపు 200 ప్లాన్‌కు మారితే మొదటిది అడ్డం పడుతుంది. ఆరు యాంటెన్నాలు ఉన్నా ఫోన్‌లో సాధారణంగా రెండే ఉంటాయి.

పాలమూరు_పింగ్
అంటే రౌటర్ కొనుడే గదా, మొదటి నుంచి నేను మొత్తుకుంటున్నది!

స్ప్లైసర్_మిర్యాలగూడ
12 వేలది కాదు గదనే.

పాలమూరు_పింగ్
నాది 9 వేలదే.

రామగిరి_రాత్రి
మంచిది. ఎస్‌క్యూఎం ఉన్నది ఒకటి కింద, యాక్సెస్ పాయింట్ ఒకటి పైన, రెండూ కలిపినా తమ్ముడు అడిగిన దాంట్ల సగం కాదు. కింద రౌటర్ పెడితే కంపెనీ డబ్బాను, రౌటర్ పని ఆపి లైన్ మాత్రమే అందించే బ్రిడ్జ్ మోడ్‌ల పెట్టాలంటున్నరు, అది నేనే మార్చుకోవచ్చునా?

స్ప్లైసర్_మిర్యాలగూడ
మార్చొచ్చు, కని ముందుగల నెట్‌కు లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్ నేమ్, పాస్‌వర్డ్, లైన్‌కు కంపెనీ ఇచ్చిన వీల్యాన్ నంబర్ మూడూ కంపెనీకి ఫోన్ చేసి రాసుకో. అవి లేకుండ బ్రిడ్జ్ నొక్కితే నెట్ మొత్తం బంద్ అయితది, రీసెట్ కొడితే వాళ్లొచ్చేదాక దుకాణంల ఫోన్‌పే కూడ నడవది. బుధవారం పొద్దున చెయ్యి, ఆదివారం మాత్రం ముట్టకు, ఆ రోజు కస్టమర్ కేర్‌ల ఎవ్వడు దొరకడు.