పై అంతస్తు, 12×12 గది: ఈ ఎండాకాలానికి ఏ ఫ్యాను?

కొత్తగూడెం_కుర్రాడు: డాబా పై అంతస్తు బెడ్‌రూమ్. పాత 1200 మి.మీ. ఫ్యాను నీరసంగా తిరుగుతోంది. కరెంటు పోతే ఇన్వర్టరే దిక్కు. బీఎల్‌డీసీ (లోపల ఎలక్ట్రానిక్ బోర్డుతో, తక్కువ కరెంటుతో తిరిగే రకం) తీసుకోవాలా, మామూలుది చాలా? షాపులో ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూసుకోమంటున్నారు.

వైరింగ్_బాబాయ్: ముందు పాతదాని సంగతి తేల్చండి. సాయంత్రాలే స్లో అయితే లో వోల్టేజీ, ఫ్యాను తప్పు కాదు. రోజంతా అంతేనా? కెపాసిటర్ (మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న భాగం) వీకైనట్టే. మెయిన్ ఆపి, రాడ్డు దగ్గరి కప్పు దించి దాని మీద విలువ చదవండి. ఎక్కువగా 2.5 మైక్రోఫారాడ్ ఉంటుంది. అదే వేయాలి. స్పీడు కోసం 4 వేస్తే వైండింగ్ వేడెక్కి మాడుతుంది. మార్చినా అంతే ఉంటే చేత్తో తిప్పండి, గరగరమంటే బేరింగులు పోయినట్టు.

గాలి_లెక్క: ఆర్‌పీఎం ఒక్కటే చూసి కొనకండి. రెక్క సన్నగా ఉండి, వంపు తక్కువైతే ఎంత గిర్రున తిరిగినా మంచం దాకా గాలి రాదు. డబ్బా మీద ఎయిర్ డెలివరీ చూడండి, సీఎంఎం అని ఉంటుంది. నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి తోస్తుందో ఆ లెక్క. 1200 సైజుకి 210 కన్నా తక్కువుంటే వదిలేయండి. దాన్ని వాట్లతో భాగించండి: 75 వాట్ల మామూలు ఫ్యాను 220 ఇస్తే 2.9, అదే గాలి 30 వాట్లకే ఇచ్చే బీఎల్‌డీసీకి 7.3. స్టార్లు ఇచ్చేది ఈ లెక్క మీదే. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి ఆ స్టార్ లేబుల్ తప్పనిసరి.

రోజుకి 15 గంటలు వాడితే నెలకి 20 యూనిట్లు మిగులుతాయి. ఇన్వర్టర్ మీదైతే ఇంకా తేడా. స్క్వేర్ వేవ్‌ది (చవక రకం, ఇంటి కరెంటులా నున్నగా ఇవ్వదు) అయితే మామూలు ఫ్యాను గుయ్యిమంటుంది కూడా.

కొత్తగూడెం_కుర్రాడు: బీఎల్‌డీసీకే ఫిక్స్ అండీ. గోడ మీది పాత రెగ్యులేటర్ ఉంచొచ్చా?

వైరింగ్_బాబాయ్: వద్దు. అది ఫ్యానుకి వెళ్లే వోల్టేజీ తగ్గిస్తుంది, లోపలి బోర్డు తికమకపడి ఆగిపోతుంది, చివరికి పోతుంది. రెగ్యులేటర్‌కి వచ్చే రెండు వైర్లు కలిపేసి స్విచ్చి నుంచి డైరెక్ట్ సప్లై ఇవ్వండి. ఎలక్ట్రీషియన్లు చాలామంది మర్చిపోయేది ఇదే.

ఈ ఫ్యాన్లలో ముందు పోయేది మోటారు కాదు, బోర్డు. లైన్లో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగితే 400 వోల్టుల దాకా ఇంట్లోకి రావచ్చు, ఆ దెబ్బకి బోర్డు పోతుంది. వారంటీ బోర్డుకీ రిమోట్‌కీ వర్తిస్తుందా, సర్వీసువాళ్లు మీ ఊరికి వస్తారా అడిగి కొనండి.

మేడమీద_మంచం: పై అంతస్తు అన్నారు కదా, అసలు చిక్కు స్లాబుతో. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి దించుతుంది, ఫ్యాను ఆ వేడిగాలినే మంచం మీదికి తోస్తుంది. డాబా మీద సున్నం గానీ కూల్ రూఫ్ పెయింట్ గానీ కొట్టించండి. పొద్దుగూకాక కిటికీలు తీసి, ఒకదాంట్లో టేబుల్ ఫ్యాను బయటికి తిప్పి పెట్టండి. గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి ఒంటికి ఇంకా వేడెక్కిస్తుంది, అప్పుడు తడిగుడ్డ, నీళ్లు వాడాల్సిందే. కూలర్ మీ వైపు పొడి ఎండకి పనిచేస్తుంది, కాకినాడ ఉక్కపోతకి కాదు.

గాలి_లెక్క: బిగించేటప్పుడు రెక్కలకీ స్లాబుకీ మధ్య కనీసం అడుగు ఖాళీ వదలండి. రాడ్డు పొట్టిదైతే పైనుంచి గాలి అందదు, 230 సీఎంఎం రాసున్నా రాదు.