అట్టకు అంటించిన ఈ చిన్న పాత ఫోటోలు ఏ కాలానివి?

సంచీ_నిండా: ఉండేది న్యూజెర్సీలో. ఆదివారం పాతసామాన్ల సంతలో ఒక ఆల్బమ్ కొన్నాను. ఒక్కో ఫోటో రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగంగుళాల పొడవు ఉంటుందేమో, అన్నీ మందపాటి అట్టకు అంటించి ఉన్నాయి. ఒకదాంట్లో ఒకావిడ పాపను ఒళ్లో గట్టిగా పట్టుకుంది, పాప చెయ్యి కదిపినట్టుంది, వేళ్లుండాల్సిన చోట తెల్లటి మసక. చూసినప్పట్నుంచీ అదే కళ్లలో మెదులుతోంది. కాలం ఎలా తెలుస్తుందండీ?

గాజుపలక: అవి కార్ట్ ద విజిట్‌లు, అంటే విజిటింగ్ కార్డు సైజు ఫోటోలు. పారిస్‌లో డిస్డెరీ అనే ఫోటోగ్రాఫర్ 1854లో వీటికి పేటెంట్ తీసుకున్నాడు. నాలుగు లెన్సుల కెమెరాతో ఒకే గాజు పలక మీద ఎనిమిది దాకా బొమ్మలు తీసి, ఒకేసారి ప్రింటేసి, కత్తిరించి అట్టకు అంటించేవాళ్లు, దాంతో ధర పడిపోయి మామూలు ఇళ్లలోకీ వచ్చేశాయి. 1860లో లండన్‌లో మేయల్ అనే ఫోటోగ్రాఫర్ విక్టోరియా రాణి కుటుంబం ఫోటోలు అమ్మాక, జనం తమ చుట్టాల పక్కనే రాణినీ ఆల్బమ్‌లో పెట్టుకున్నారు! మీరు వెనక్కి తిప్పి చూడండి. అమెరికాలో 1864 సెప్టెంబరు నుంచి 1866 ఆగస్టు దాకా అంతర్యుద్ధం ఖర్చుల కోసం ఫోటోల మీద పన్ను ఉండేది, వెనక ఆ పన్ను స్టాంపు ఉంటే కాలం తేలిపోయినట్టే.

మోండా_పక్కన: వెనకవైపు ఎంత ముఖ్యమో మా ఇంట్లో పోగొట్టుకున్నాకే తెలిసింది. మాది సికింద్రాబాద్. ముత్తాత ఫోటో ఇంకాస్త పెద్దది, కేబినెట్ కార్డు. లామినేషన్‌కి ఇస్తే షాపతను లావుగా ఉందని అట్ట ఊడబీకి పారేశాడు, స్టూడియో పేరు దాని వెనకే ఉండేదట. 1880ల్లో లాలా దీన్‌దయాళ్ స్టూడియో మా ఊళ్లోనే ఉండేది, ఇది అక్కడ తీసిందో కాదో ఇక ఎప్పటికీ తెలీదు. నాన్న ఇప్పటికీ బాధపడతారు. దయచేసి ఎవరూ లామినేషన్ చేయించకండి.

గాజుపలక: అయ్యో. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం అది, చాలా పల్చన, అట్ట లేకపోతే చుట్టుకుపోతుంది. తడిగుడ్డతో తుడవడం కూడా వద్దు. ఆల్బమ్ జేబులోంచి లాగితే జేబు చిరుగుతుంది, పల్చటి కాగితం ముక్క లోపలికి దూర్చి మెల్లగా జరపాలి.

సంచీ_నిండా: మీరన్నట్టే కాగితం దూర్చి తీశాను. పాప ఫోటో వెనక ఆకుపచ్చ స్టాంపు ఉంది, 3 సెంట్లది, మీద సిరాతో గీత, పక్కన 1865! కింద పెన్సిల్‌తో ఏదో పేరు, సగం చెరిగింది. పొద్దున్నే కిటికీ దగ్గర పెట్టి చదువుతాను.