డిస్పర్సెంట్‌కి ముందే సంతకం పెట్టేయాలా? (చర్చ)

చుక్కాని

ప్రాంతీయ చమురు తెట్టు ప్రణాళిక తిరగరాసే ప్రతిసారీ బండి ఒకే పేరా దగ్గర ఆగుతుంది. తీరం నుంచి ఇంత దూరం, ఇంత లోతు దాటాక డిస్పర్సెంట్ అనే రసాయన మందు చల్లే అధికారం, తెట్టు పనులు నడిపించే ఘటనా కమాండర్‌కి ముందే ఇచ్చి పెట్టాలా, లేక తెట్టు పడ్డ రోజున శాఖలన్నీ కూర్చుని తేల్చుకోవాలా?

నా ఓటు మొదటిదానికి. ఈ మందు చేసే పని ఒక్కటే, తెట్టుని సన్న బొట్లుగా చిదిపి నీళ్లలో కలిపేయడం. బొట్టు 70 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) లోపు ఉంటే మళ్లీ పైకి తేలదు. కానీ చమురు మన మీటింగుల కోసం ఆగదు. తేలిక భాగాలు ఆవిరైపోతాయి, మిగిలింది అలల్లో నీళ్లు తాగి మూస్ అనే చిక్కటి ముద్ద అవుతుంది. 70-80 శాతం నీళ్లు పట్టిందంటే తెట్టు మూడు నుంచి ఐదింతలవుతుంది. చిక్కదనం 5,000-10,000 సెంటీస్టోక్స్ దాటాక మందు దాని మీద నుంచి జారి నీళ్లలో పడుతుంది. పైనుంచి చూస్తేనే తెలిసిపోతుంది. పని చేస్తుంటే కాఫీ రంగు మబ్బు, చేయకపోతే పాలలా తెల్లటి మరక. అవకాశం ఉండేది కొన్ని గంటలు, అదృష్టం బాగుంటే ఒకటి రెండు రోజులు. ఆ గంటల్ని సంతకాల వేటకి పెడదామా?

ఉప్పుగాలి

ముందే పెట్టేయాలి. ఇందులో చర్చ ఏముంది?

వలగట్టు

చాలా ఉంది. గడియారం సంగతి ఒప్పుకుంటాను, మ్యాపు మీద గీసే గీత సంగతి ఒప్పుకోను.

తెట్టు పైన ఉన్నంతసేపు ప్రవాహంతో పాటు గాలి కూడా దాన్ని నెడుతుంది, గాలి వేగంలో సుమారు 3 శాతం చొప్పున. మందు కొట్టి కిందికి దించాక గాలి వదిలేస్తుంది, ప్రవాహం ఒక్కటే లాక్కెళ్తుంది. అంటే గాలి బయటికి వీస్తున్న రోజున ముట్టుకోకుండా వదిలేస్తే సముద్రంలోకి పోయే చమురు, మందు కొట్టాక పోటుతో పాటు లోపలికి రావచ్చు. గరిష్ఠంగా 1 నాట్ (గంటకి ఒక నాటికల్ మైలు) వేగంతో వచ్చే పోటు ఆరు గంటల్లో నీళ్లని దాదాపు 4 నాటికల్ మైళ్లు మోసుకొస్తుంది. మీ గీత 3 మైళ్ల దగ్గర ఉంటే, గీత బయట చల్లిన మందు గీత లోపల ఉన్న గుడ్లకీ పిల్లలకీ చేరుతుంది. చల్లినవాడు మాత్రం నిబంధన తప్పలేదు. అందుకే ఆ రోజు ఆటుపోట్లు, ఆ నెలలో ఏ చేప ఎక్కడ గుడ్లు పెడుతుందో చూసి తేల్చాలంటున్నాను.

1967లో టోరీ కాన్యన్ అనే చమురు ఓడ ప్రమాదం దగ్గర ఇంగ్లండ్ తీరం మీద 10,000 టన్నుల డిటర్జెంట్ కుమ్మరించారు. రాళ్ల మీది జీవాల్ని చమురు కంటే ఆ డిటర్జెంటే ఎక్కువ చంపింది.

చుక్కాని

ఆ డిటర్జెంట్లకీ ఇప్పటి మందులకీ పోలికే లేదు. అప్పట్లో వాడింది యంత్రాల జిడ్డు కడిగే సరుకు, అదీ నేరుగా ఒడ్డు మీద. అరవై ఏళ్ల కిందటి ఉదాహరణ ఎందుకు?

లెక్కలపుస్తకం

ముందు గీత ఎక్కడో తేలనివ్వండి. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో పద్ధతి 10 మీటర్ల లోతు లేదా 3 నాటికల్ మైళ్లు, రెండింటిలో ఏది దూరమైతే అది. బ్రిటన్‌లో 20 మీటర్ల కంటే తక్కువ లోతున్న చోటా, దాని నుంచి 1 నాటికల్ మైలు లోపలా విడిగా అనుమతి కావాలి. తేడా చిన్నది కాదు. 0.1 మిల్లీమీటర్ల మందం ఉన్న తెట్టు మొత్తం పై మీటరు నీళ్లలో కలిస్తే 100 పీపీఎం (పది లక్షల పాళ్లకి 100), 10 మీటర్ల దాకా కలిస్తే 10, 20 మీటర్లకి 5. చుక్కాని గారు అడుగుతున్నది 10కా, 20కా?

చుక్కాని

అది తర్వాత. ముందు సూత్రం ఒప్పుకోండి.

లెక్కలపుస్తకం

అంకె లేని సూత్రానికి సంతకం ఎవరు పెడతారండీ?

బూమ్‌బాబాయ్

మందు గొడవలో పడి మిగతాది మరిచిపోతున్నారు. బూమ్ (నీళ్ల మీద తేలే అడ్డుగోడ) వేసి స్కిమ్మర్‌తో (చమురు ఎత్తే యంత్రం) ఎత్తితే పోలేదా అని అడిగేవాళ్ల కోసం ఒక మాట. బూమ్‌కి అడ్డంగా 0.7 నాట్ దాటి నీళ్లు తగిలితే చమురు కింద నుంచి జారిపోతుంది. ప్రవాహం 1.4 నాట్లు ఉంటే దానికి 30 డిగ్రీల వాలుగా వేసుకోవాలి. అంతకంటే నిటారుగా వేస్తే అది వట్టి అలంకారం. స్కిమ్మర్ మీద రాసి ఉన్న సామర్థ్యం చూసి మురిసిపోకండి. అమెరికాలో ప్రణాళిక లెక్కకి అందులో 20 శాతమే తీసుకుంటారు. ఎత్తిన దాంట్లో సగానికి పైగా నీళ్లే. అవి పోయడానికి ట్యాంకు లేకపోతే రెండో గంటకల్లా స్కిమ్మర్ ఆపేసి కూర్చోవాలి. వేరుపడ్డ నీళ్లని తిరిగి సముద్రంలోకే వదలడానికి మళ్లీ ఇంకో శాఖ అనుమతి. దానికి ముందస్తు సంతకం గురించి మాత్రం ఎవరూ కొట్టుకోరు.

చుక్కాని

ఆ చివరి మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఇక ఆలస్యం ఏం చేస్తుందో తెలియాలంటే 1989 మార్చి 24, అలాస్కాలో ఎక్సాన్ వాల్డీజ్ చమురు ఓడ ప్రమాదం చూడండి. సముద్రం ప్రశాంతంగా ఉన్న తొలి రోజులు చల్లాలా వద్దా అన్న మల్లగుల్లాల్లోనే పోయాయి. తర్వాత గాలివాన వచ్చి, కారిన 37,000 టన్నుల్లో చాలా భాగాన్ని తీరమంతా పులిమింది.

వలగట్టు

సగమే చెప్తున్నారు. అక్కడి సముద్రాన్ని అప్పటికే జోన్లుగా విడగొట్టారు, లోతైన జోన్‌లో కమాండరే నిర్ణయించుకునే వీలూ పెట్టారు. మీరు అడుగుతున్న ముందస్తు అనుమతి అక్కడ ఉంది! అయినా పరీక్షగా చల్లి చూడటం దగ్గరే ఆగిపోయారు. ఎందుకంటే నీళ్లు అద్దంలా ఉన్నాయి, కలపడానికి అల లేదు. సరుకూ లేదు. 20 పాళ్ల చమురుకి ఒక పాలు మందు చొప్పున 37,000 టన్నులకి 1,850 టన్నుల మందు కావాలి. అక్కడున్నది ఆ లెక్కకి ఏ మూలకీ రాదు. కాగితం ఉండి డ్రమ్ము లేకపోతే ఏం చేస్తారు?

బూమ్‌బాబాయ్

డ్రమ్ముతో పాటు పైన ఒక కన్ను కూడా కావాలి. తెట్టు విస్తీర్ణంలో పదోవంతు చోట 90 శాతం చమురు ఉంటుంది, మిగతాదంతా ఇంద్రధనుస్సు పొర. ఆ పొర మందం 5 మైక్రాన్లు కూడా ఉండదు. చల్లే పైలట్‌ తక్కువ ఎత్తులో పోతుంటాడు, అతనికి అంతా ఒకటే మెరుపు. పైన ఇంకో విమానం నుంచి ఎడమకి, కుడికి, ఇప్పుడు తెరువు, ఇప్పుడు మూయి అని చెప్పేవాడు లేకపోతే హెక్టారుకి 50 లీటర్ల చొప్పున ఖరీదైన మందు ఒట్టి నీళ్లకి పోస్తారు. ఆ రెండు విమానాలూ వేర్వేరు శాఖలవి, రేడియో ఫ్రీక్వెన్సీలూ వేరు. ముందస్తుగా కుదుర్చుకోవాల్సింది అదీ!

చుక్కాని

సరే, సరుకు లోపమే అనుకుందాం. దానికి విరుగుడు ఇంకో కమిటీనా? వలగట్టు గారికి కావాల్సింది వీటో అని సూటిగా చెప్పొచ్చుగా. శనివారం రాత్రి 11కి తెట్టు పడితే మత్స్య శాఖ నుంచి మాట్లాడేదెవరు? ప్రణాళికల్లో ఆ శాఖ ఎదురుగా కనిపించేది ఆఫీసు ల్యాండ్‌లైను. అది సోమవారం పదిన్నరకి మోగుతుంది.

వలగట్టు

ఆ ల్యాండ్‌లైను రాసిందెవరు? ముసాయిదా ప్రెస్సుకి పోయే ముందు వారం మా చేతికొస్తుంది. డ్రిల్లుకి పిలుపు ముందురోజు సాయంత్రం వస్తుంది. డ్రిల్లులో మా వంతు "మత్స్య శాఖకు సమాచారం అందినది" అన్న గడిలో టిక్కు. ఆ టిక్కు కూడా మీవాళ్లే పెట్టేస్తారు. ఇన్నాళ్లూ ఇలా నడిపి ఇప్పుడు ఫోన్ ఎత్తరంటారా?

ఉప్పుగాలి

అసలు విషయం ఇప్పుడొచ్చింది.

మోడరేటర్

"మీవాళ్లు, మావాళ్లు" వద్దు. పద్ధతి గురించి మాట్లాడండి.

తెరచాప

ఇద్దరూ తిరగేసి పట్టుకున్నారేమో అనిపిస్తోంది. అమెరికా జాతీయ ప్రణాళికలో ఒక మెలిక ఉంది, చూడండి. ముందస్తు అనుమతి పత్రం తయారయ్యేటప్పుడు పర్యావరణ సంస్థ, రాష్ట్రం, వాటితో పాటు వాణిజ్య శాఖ, అంతర్గత వ్యవహారాల శాఖ ఆమోదించాలి లేదా తిరస్కరించాలి. చేపల పక్షాన మాట్లాడేది ఆ వాణిజ్య శాఖే. అదే ముందస్తు పత్రం లేని చోట తెట్టు పడితే ఆ రోజు సమ్మతి కావాల్సింది పర్యావరణ సంస్థదీ రాష్ట్రానిదీ. మిగతా రెండు శాఖలతో సంప్రదిస్తే చాలు. సమ్మతి వేరు, సంప్రదింపు వేరు. అంటే వలగట్టు గారు కోరుతున్న "ఆ రోజు తేల్చుకుందాం" పద్ధతిలో చేపల శాఖ బలం తగ్గుతుంది. బల్ల దగ్గర వాళ్ల మాట చెల్లేది ముందస్తు పత్రం రాసే రోజునే. గుడ్లు పెట్టే నెలలు, పోటు వేళ గీత ఎంత వెనక్కి జరగాలి, ఇవన్నీ అందులో షరతులుగా ఎక్కించొచ్చు.

2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు తవ్వే రిగ్ ప్రమాదం దగ్గర దెబ్బతిన్నది కూడా పత్రం లేని చోటే. ఉపరితలం మీద చల్లడానికి పత్రం ఉంది. సముద్రం అడుగున బావి మూతి దగ్గర నేరుగా ఎక్కించడం, వారాల తరబడి చల్లడం అందులో ఎవరూ ఊహించలేదు. మొత్తం 18.4 లక్షల గ్యాలన్లు వాడారు, అందులో 7.71 లక్షలు అడుగునే. మధ్యలో మే 26న, వాడకాన్ని 75 శాతం తగ్గించమని ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి పత్రంలో గీతతో పాటు "ఎన్ని రోజులు, మొత్తం ఎంత" అన్నదీ ఉండాలి.

లెక్కలపుస్తకం

గీత ఎక్కడో కూడా.

వలగట్టు

తెరచాప గారు చెప్పింది నేను ఈ కోణంలో చూడలేదు. అయితే ముందస్తు పత్రానికి నేను అడ్డు కాదు. నా గొడవ ఎక్కడుందో కూడా ఇప్పుడు చెప్తాను. మందు చల్లేది ఒకరు. మర్నాడు వేట ఆపమని జాలరి దగ్గరికి వెళ్లి చెప్పాల్సింది మత్స్య శాఖ. మళ్లీ ఎప్పుడు వేటకి పోవచ్చో చెప్పాల్సిందీ ఆ శాఖే. అది చెప్పాలంటే చమురు రాకముందు ఆ నీళ్లు, ఆ చేప ఎలా ఉన్నాయో నమూనా చేతిలో ఉండాలి. మందు చల్లాక తీసిన నమూనా దేనికీ పోల్చలేం. నష్టపరిహారం దగ్గరా ఇదే ప్రశ్న: "ఈ హైడ్రోకార్బన్లు (చమురులో ఉండే రసాయనాలు) ముందు నుంచీ ఉన్నవి కావని రుజువేది?"

1996లో సీ ఎంప్రెస్ చమురు ఓడ ప్రమాదం చూడండి, వేల్స్ తీరం. 72,000 టన్నుల చమురు పోయింది, 440 టన్నులకి పైగా మందు చల్లారు, తీరానికి 1 కిలోమీటరు లోపల మాత్రం చల్లలేదు. మందు బాగా పని చేసిన ఘటనల్లో దాన్ని లెక్కేస్తారు. అక్కడ కూడా వేట నిషేధాన్ని ఒక్కసారిగా ఎత్తలేదు, చేప రకాన్ని బట్టి విడతలుగా ఎత్తుకుంటూ వచ్చారు. ఆ విడతలు తేల్చేది పరీక్షలే.

చుక్కాని

ఇది మొదటి రోజే చెప్పి ఉంటే ఇన్ని పోస్టులు తగ్గేవి.

పర్యవేక్షణ బృందం ఎలాగూ వెళ్తుంది. పడవ వెనక 1 మీటరు లోతున, నీళ్లలో చమురు కొలిచే ఫ్లోరోమీటరు లాగుతూ మూడు రీడింగులు తీస్తారు: తెట్టు లేని నీళ్లలో ఒకటి, మందు కొట్టకముందు తెట్టు కింద ఒకటి, కొట్టాక ఒకటి. మొదటి రీడింగు తీసే పడవలోనే మీ మనిషిని ఎక్కించుకుంటే సరిపోదా?

వలగట్టు

నీళ్లకి సరిపోతుంది. మా సీసాలు మేమే తెచ్చుకుంటాం. ముదురు రంగు గాజువి, సాల్వెంట్‌తో కడిగినవి, మూత లోపల టెఫ్లాన్ ఉన్నవి. ప్లాస్టిక్ సీసా తెచ్చి నింపేస్తే హైడ్రోకార్బన్లు గోడకి అంటుకుని పరీక్షలో తక్కువ చూపిస్తాయి. పడవ ఇంజిన్ పొగ, పడవ అడుగున చేరే బిల్జి నీళ్లు తగలని వైపు నుంచి తీయాలి, 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. చేపకి ఇంకో పడవ కావాలి, అల్యూమినియం ఫాయిల్ కావాలి. తర్వాత వాసన చూసే శిక్షణ ఉన్న బృందం, దాని తర్వాత రసాయన పరీక్ష. వీటికి సమయం కావాలి, ఆ సమయం ఇచ్చేది మీ కబురు.

చుక్కాని

సరే, వాక్యం రాస్తున్నాను. "ముందస్తు అనుమతి ఉన్న పరిధిలో డిస్పర్సెంట్ చల్లడం ప్రారంభమైన 2 గంటల్లోగా కమాండర్ మత్స్య శాఖ డ్యూటీ అధికారికి తెలియజేయవలెను."

వలగట్టు

"చల్లడం ప్రారంభమైన" కొట్టేయండి. "విమానంలో మందు నింపమని ఆదేశించిన వెంటనే" అని రాయండి. నింపడానికి, ఎగరడానికి, తెట్టు వెతుక్కోవడానికి ఎలాగూ కొన్ని గంటలు పడుతుంది. మీకు ఒక్క నిమిషం ఆలస్యం కాదు, మాకు ఆ గంటలు మిగులుతాయి. "తెలియజేయవలెను" సరిపోదు. ఫోన్ ఎత్తిన మనిషి పేరు, సమయం లాగ్‌బుక్కులో ఉండాలి.

చుక్కాని

నింపాక గాలి పెరిగి రద్దయితే?

వలగట్టు

సీసాలు వెనక్కి తెచ్చుకుంటాం. వాటికేం కాదు.

చుక్కాని

సరే, మార్చాను. డ్యూటీ అధికారి సెల్ నంబరు మీరు ఇవ్వాలి, ల్యాండ్‌లైను తీసుకోను.

బూమ్‌బాబాయ్

ఆ పక్కనే స్కిమ్మర్ ట్యాంకు నీళ్లు వదిలే అనుమతికి కూడా ఒక వాక్యం రాస్తారా, లేక దానికి ఇంకో చర్చ మొదలుపెట్టమంటారా?

లెక్కలపుస్తకం

10 మీటర్లా, 20 మీటర్లా అన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు.