అప్‌డేట్: ఆ పాత మోటార్‌హోమ్ కొనలేదు

డాలస్ దగ్గర 2012 మోడల్ క్లాస్-సి మోటార్‌హోమ్ (డ్రైవర్ సీటు పైన కూడా పడక ఉండే, ఇల్లులాంటి బండి) ఒకటి నచ్చిందని, కొనేముందు ఏమేం చూసుకోవాలని పోయిన నెల అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్. బండి వదిలేశాం.

"ఇంజిన్ సంగతి తర్వాత, ముందు నీళ్లు దిగాయేమో చూడండి" అని ఒకరన్నారు. ఆ మాటే మమ్మల్ని కాపాడింది. డ్రైవర్ సీటు పైనుండే పడక మీద పరుపు ఎత్తి, మూలలో వేలితో నొక్కితే చెక్క నానిన అట్టలా లోపలికి పోయింది. ముక్కిపోయిన వాసన. గోడకు మాత్రం కొత్త వాల్‌పేపర్! నిచ్చెనెక్కి చూస్తే కప్పు అంచు పొడవునా, నీళ్లు దిగకుండా పూసే సీలెంట్ పగిలి ఉంది.

టైర్లు నల్లగా మెరుస్తున్నాయి కానీ వాటి పక్కన ఉండే డాట్ నంబర్ (తయారీ కోడ్) చివర 2314 అని ఉంది. అంటే 2014లో 23వ వారంలో తయారైనవి. అరగకపోయినా సరే, అంత పాత టైర్లతో పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీదికి వెళ్లలేను.

ఈ బండిలో ఫ్రిజ్ కరెంటు మీదా, గ్యాస్ మీదా నడిచే రకం. కరెంటు మీద బాగానే నడిచింది. గ్యాస్ మీద చూపించమంటే అమ్మేవాళ్లు సిలిండర్ ఖాళీ అన్నారు.

శనివారం ఇంకోటి చూడబోతున్నాం. ఈసారి తేమ మీటరు కొన్నాను, ఇన్‌స్పెక్టర్‌ని కూడా మాట్లాడుకున్నాను. జనరేటర్‌ను ఏసీ వేసి కనీసం అరగంట నడిపించి చూస్తాం.