సమస్య: కత్తి మెడమీద నున్నచోఁ గలుగు సుఖము

తేటగీతిలో పూరించాలి. మడత మంగలికత్తితో గడ్డం గీసుకోవడమే విషయం. ఒడిశాలోని బరంపురంలో 'ఖుర' అనేది దీన్నే. సగం బ్లేడు దూర్చే కత్తి లెక్కలోకి రాదు, దానికి పదును సరిచేసే తోలుపట్టీతో పని ఉండదు.

బరంపురం నుంచి వచ్చిన పూరణ:

నురుగు పట్టించి చర్మమున్ నొక్కి లాగి
వెన్ను ముప్పది డిగ్రీల నెత్తి పట్టి
మొలచు దిశయందు గడ్డమున్ మొదట గొరుగ
కత్తి మెడమీద నున్నచోఁ గలుగు సుఖము

విమర్శ: రెండో పాదంలో వె–నె యతి కుదరదు. అచ్చు కలిసింది, హల్లు కలవలేదు. "వెన్ను ముప్పది డిగ్రీలు వేరు చేసి" అంటే సరి. పద్యంలో 'డిగ్రీలు' అనే ఇంగ్లీషు మాట ఎందుకని ఎవరో అడిగారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగువారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి పక్కనే పెట్టుకుని ఆ మొహమాటం దేనికి? కొలత సరైనదే: వెన్ను, అంటే కత్తి మొద్దు అంచు, చర్మం నుంచి అంత ఎత్తులో ఉండాలి. కోణం పెరిగితే వాదర (పదునైన అంచు) చర్మంలో దిగుతుంది, మరీ తగ్గితే వెంట్రుకను కోయకుండా పీకుతుంది. 'మొలచు దిశ' మాత్రం మెడమీద అంతటా ఒకటి కాదు. దవడ కింద చాలామందికి వెంట్రుకలు పైకో పక్కకో తిరిగి ఉంటాయి. రెండు రోజుల గడ్డాన్ని వేలితో నిమిరి, గరుకు తగలని వైపు ఏదో ముందే చూసుకోవాలి. కొత్తవాళ్లు మొదటి వారం చెంపలతో ఆగి, మెడ జోలికి తర్వాత పోవడం మేలు.

రాయగడ పూరణ:

తోలు పట్టీని బిగలాగి తొలుత వెన్ను
ముందు నడువంగ వాదర ముడుచుకొనక
వెన్నుమీదుగ వేమారు వెనుదిరిగిన
కత్తి మెడమీద నున్నచోఁ గలుగు సుఖము

విమర్శ: ఈసారి మంచి పూరణ ఇదే. మూడో పాదం సమస్యలోని కత్తికి విశేషణమై అతుక్కున్న తీరు చూడండి. 'తొలుత', 'ముందు' రెండూ చేసేది ఒకే పని, మొదటిది యతికోసం వచ్చింది. ఇలా మార్చవచ్చు:

తోలు పట్టీని బిగలాగఁ దొణకకుండ
వెన్ను ముందుండ వాదర వెనుకఁ బోయి

'వేమారు' పద్యానికే. గుడ్డ పట్టీమీద ఇరవై, తోలుమీద నలభై నుంచి అరవై రాకపోకలు చాలు. సానరాయిమీద వాదర ముందు నడుస్తుంది, తోలుమీద వెన్ను ముందు. ఈ తేడా మరిస్తే తోలు తెగుతుంది. చివర తిప్పేటప్పుడు వెన్ను తోలును వదలకూడదు, కత్తి దానిమీదే దొర్లాలి. వాదర మీదుగా తిప్పితే మొదటి రోజే పట్టీకి గాటు. 'బిగలాగ' కూడా పొల్లు మాట కాదు: పట్టీ వదులై కిందికి వంగితే వాదర అంచు గుండ్రమవుతుంది, అప్పుడు ఎంత నూరినా వెంట్రుక జారిపోతుంది. బరువు మోపనక్కరలేదు, కత్తి బరువే చాలు.

పర్లాకిమిడి పూరణ:

పటికముక్కను తడివేళ్ళఁ బట్టి రుద్ది
జారు చర్మమున్ బిగియించి చక్క జేసి
ఎదురు గొరుగక యడ్డుగా నెత్తి గొరుగ
కత్తి మెడమీద నున్నచోఁ గలుగు సుఖము

విమర్శ: పటికను గాయానికి కాకుండా వేళ్ల పట్టుకు వాడటం ఎరిగినవాళ్ల మాట. నురుగంటిన చర్మం వేలి కింద నిలవదు, పటిక రుద్దిన వేలికి నిలుస్తుంది. అడ్డంగా గీసేది రెండో విడత, మళ్లీ నురుగు పట్టించాకే. అడ్డమంటే కత్తి వెళ్లే దిశ. వాదరను దాని పొడవునా పక్కకు జరిపితే మాత్రం కోరి కోసుకున్నట్టే. ఎదురు గీత వద్దన్నదీ బాగుంది. ఛందస్సులో తప్పు లేదు. కానీ 'నెత్తి గొరుగ' అని చదివితే గుండు కొట్టించినట్టుంది! "యడ్డుగా నింత గొరుగ" అంటే యతీ నిలుస్తుంది, జుట్టూ నిలుస్తుంది.