వరంగల్‌లో సాగు పార్కు: కట్టడానికి సరే, నడపడానికి డబ్బు ఎవరిస్తారు?

చెరువుగట్టు:
మా డివిజన్‌లో లేఅవుటు వేసినప్పుడు కార్పొరేషన్‌కు దఖలు పరిచిన రెండెకరాల ఖాళీ స్థలం ఉంది. అందులో ఒక ఎకరాన్ని కాలనీ కుటుంబాలు కూరగాయలు పండించుకునే సాగు పార్కుగా మార్చాలని కొందరం వినతిపత్రం రాస్తున్నాము. ప్రజల సొమ్ముతో నగరం ఇలాంటి తోటను నడపవచ్చునా అన్నది చర్చకు పెడుతున్నాను. నడపాలనే నా అభిప్రాయం.

అయితే డబ్బు సంగతి మనం తలకిందులుగా ఆలోచిస్తున్నాము. కంచె, బోరు, షెడ్డు వేయడానికి దారులున్నాయి. పట్టణాల కోసం కేంద్రం తెచ్చిన 2015 నాటి అమృత్ పథకంలోనే ప్రాజెక్టు వ్యయంలో 2.5 శాతం దాకా పార్కులకు వెచ్చించే వీలు కల్పించారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. దొరకనిది ఆ తర్వాతి డబ్బు. మా పక్క వీధి పార్కు ప్రారంభమైన రెండో వేసవిలో మోటారు కాలిపోయింది. దాన్ని బాగు చేయించడానికి ఏ పద్దులోనూ డబ్బు లేదన్నారు. జూన్ వచ్చేసరికి పచ్చిక గోనెపట్టాలా ఎండి, దాని మీద శిలాఫలకం ఒక్కటే మిగిలింది. అందుకే, తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 పచ్చదనానికి కేటాయించమన్న 10 శాతం మున్సిపల్ బడ్జెట్‌లో (హరిత బడ్జెట్) నిర్వహణ ఖర్చును ఏటా విడిగా చూపాకే పునాదిరాయి వేయాలని మా వినతిలో మొదటి షరతుగా పెట్టాము.

పాతబాట:
చెరువుగట్టు గారూ, మీ ఉద్దేశం మంచిదే కానీ స్థలం మీది కాదు. అది ఉదయం నడిచే పెద్దలది, సాయంత్రం బంతి ఆడుకునే పిల్లలది. మడులుగా విభజించి వంద కుటుంబాలకు ఇస్తే, మిగతా వేల కుటుంబాలకు అది తాళం వేసిన తోటే అవుతుంది. బెంగళూరులో పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు కేటాయిస్తే, 1991లో సుప్రీంకోర్టు ముద్దప్ప కేసులో ఆ కేటాయింపు చెల్లదని తేల్చింది. ఆసుపత్రికే ఇవ్వకూడని స్థలాన్ని ఒక ఇంటి వంకాయలకు ఎలా ఇస్తారు?

ఖర్చు కూడా చూడండి. నెలకు 15 వేల చొప్పున ఇద్దరు తోటమాలులకు ఏడాదికి 3 లక్షల 60 వేలు అవుతుంది. మడికి వెయ్యి రూపాయలు వసూలు చేసినా వంద మడులకు వచ్చేది లక్ష. మిగతాది పన్ను కట్టేవాళ్లు భరించి, కూర మాత్రం మీరు తింటారు.

మిర్చితోట:
ఉద్యాన శాఖలో చాలాకాలం పనిచేసి విరమించినవాడిని. డబ్బు కంటే ముందు నీళ్ల లెక్క చూసుకోండి. ఎండాకాలంలో మడులకు రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుందాం. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు కాబట్టి దాదాపు 20 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు నాలుగు. బాటలు పోగా అర ఎకరంలోనే మడులు వేసి, డ్రిప్పు పెట్టి, ఎండుగడ్డి కప్పితే ఇది సగానికి తక్కువే అవుతుంది. శుద్ధి చేసిన మురుగునీరు దొరికితే పూలకు, చెట్లకు వాడండి. పచ్చిగా తినే ఆకులకు మాత్రం వద్దు. లేఅవుటు స్థలాల్లో పైన పోసినది చాలాసార్లు ఇళ్ల శిథిలాల మట్టే కనుక, విత్తనం కొనేముందు ములుగు రోడ్డులోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో అడిగి మట్టి పరీక్ష చేయించండి.

కోతుల సంగతి వినతిలో ఎవరూ రాయరు. మా పెరట్లో ఒక పొద్దున పదకొండు వంకాయలు కింద పడి ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కొక్క గాటు మాత్రమే ఉంది. ఆ మడి వేసిన మా కోడలు ఆ సీజను మళ్లీ తోటలోకి రాలేదు. జనం మానేసేది ఇలాంటి రోజునే, డబ్బు లేనప్పుడు కాదు. నేను చూసినంతలో పసుపు, కంద, చామ జోలికి కోతులు రావు. అంచు వరుసల్లో వాటిని వేయండి. కాపలాకు మనిషి మాత్రం తప్పదు.

పాతబాట:
మిర్చితోట గారి మాటతో నా అభ్యంతరమే బలపడింది. కాపలా జీతం కూడా కలిపితే ఖర్చు ఇంకా పెరుగుతుంది.

చెరువుగట్టు:
పెరుగుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడున్న పార్కుల్లో పచ్చిక కోయడానికి, నీళ్లు పెట్టడానికి తోటమాలులకు జీతమిస్తున్నాము. ఆ పచ్చిక ఏడాదికి ఎంత సంపాదించిందని ఎవరమూ అడగలేదు, అడగకూడదు కూడా. అదే నీరు, అదే జీతం పాలకూరకు పెట్టినప్పుడు మాత్రం లాభనష్టాలు చూడడం సబబు కాదు. లక్ష రాబడి వస్తే అది పచ్చిక ఎన్నడూ ఇవ్వని లక్ష.

స్థలం ఎవరిదన్న మీ ప్రశ్న నన్ను రెండు రోజులు ఆలోచింపజేసింది. అందులో న్యాయం ఉంది కాబట్టి వినతి మార్చాము. సింగపూర్ పార్కుల బోర్డు ఇచ్చే మడి రెండున్నర మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు మాత్రమే, అదీ మూడేళ్లకే. మేము ఒక్క ఏడాదికే, అందరి ముందు చీటీ తీసి ఇస్తాము. ఒకసారి తీసుకున్న ఇంటికి మరుసటి ఏడు ఉండదు. సగం మడులు ఏ ఇంటికీ ఇవ్వము. వాటిని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పరిధిలోని మహిళా సంఘం కూలి తీసుకుని సాగు చేస్తుంది. ఆ పంట పక్కనున్న అంగన్‌వాడీకి, ప్రభుత్వ బడి మధ్యాహ్న భోజనానికి వెళుతుంది. కాపలా కూడా సంఘానిదే. కోతుల కోసం వేసే కంచె మడుల చుట్టూ మాత్రమే ఉంటుంది, నడకబాట దాని వెలుపలే సాగుతుంది. రెండో ఎకరం పిల్లల ఆటలకు అలాగే ఉంటుంది.

పాతబాట గారూ, నడకబాట వెడల్పు ఎంత ఉండాలో మీరే చెప్పండి. ఆ గడి ఖాళీగా ఉంచాను, సోమవారం సంతకాల లోపు నింపాలి.